మదనపల్లెలో విడుదల, కుప్పంలో ఇల్లు

వెళ్లొచ్చి ఇన్నాళ్లయినా మా వీధిలో జనం నన్ను "ఎప్పుడు వదిలారండీ?" అనే పలకరిస్తున్నారు. తప్పు వాళ్లది కాదు. నా తల మీద జుట్టు ఇంకా పూర్తిగా మొలవలేదు. తణుకులో కళ్లద్దాల షాపు పెట్టుకుని బతికే మనిషిని, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఊళ్లలో జైలు నుంచి విడుదలైన ఖైదీగా తిరిగొచ్చాను. అది ఎలా జరిగిందో ఒక్కొక్కరికీ చెప్పలేక అందరికీ కలిపి రాస్తున్నాను.

మా అక్క కూతురు శ్రావణి సినిమా తీస్తోంది. అందులో పాటల్లేవు, ఫైట్లు లేవు, పేరున్న మొహం ఒక్కటీ లేదు. కథ కూడా టీ తాగుతూ చెప్పేయొచ్చు. పొలం గట్టు తగాదాలో మనిషి పోతే జైలుకెళ్లిన రైతు ఒకాయన శిక్ష పూర్తి చేసుకుని ఇంటికి బయలుదేరతాడు. మదనపల్లెలో బస్సు దిగుతాడు, పుంగనూరు మీదుగా కుప్పం దగ్గర తన ఊరికి చేరతాడు. తలుపు కొడతాడు. భార్య తలుపు తీసి, చూసి, మొహం మీదే వేసేస్తుంది. అక్కడితో సరి.

"ఖైదీ వేషం ఎవరమ్మా?" అని మర్యాద కోసం అడిగాను.

"నువ్వే మావయ్యా. కళ్లజోడు తీస్తే నీ మొహంలో సర్వం పోగొట్టుకున్న మనిషి కనిపిస్తాడు" అంది.

కళ్లజోడు తీస్తే నా మొహంలో కనిపించేది ఎదుటివాడు ఆడో మగో తెలియని కంగారు. ఆ మాటే చెప్పాను. "అదే కావాలి" అంది. మా ఆవిడ మరీ తొందరగా ఒప్పుకుంది. "వెళ్లి రండి. అక్కడివాళ్లు కూడా కొన్నాళ్లు మిమ్మల్ని భరించాలి కదా" అని నా సంచి తనే సర్దింది.

శ్రావణి షరతులు రెండు. ఇంటి దగ్గరే గుండు దగ్గరగా క్రాఫు కొట్టించుకుని, వేషం వేసుకుని బయలుదేరాలి, అప్పుడే బట్టలు ఒంటికి అలవాటు పడతాయట. షూటింగు జరుగుతున్నంతసేపూ ఎవరేం అడిగినా ఖైదీలాగే జవాబు చెప్పాలి. రైల్లో నా ఎదుటి సీటాయన నన్ను కాసేపు చూసి, తన సూట్‌కేసు కాళ్ల మధ్యకి లాక్కున్నాడు. నేను పులిహోర పొట్లం విప్పాక కాస్త కుదుటపడ్డాడు.

మదనపల్లె: నడుము బాగుండాదా?

తిరుపతిలో దిగి బస్సెక్కాం. మేమంటే శ్రావణి, నేను, కెమెరా మనిషి కిరణ్. కిరణ్ రోజుకి నాలుగు మాటలు మాట్లాడతాడు, వాటిలో రెండు టిఫిను గురించే. పీలేరు, వాల్మీకిపురం దాటేసరికి కిటికీ గాలి చల్లబడింది. మా గోదావరి వైపు గాలి ఒంటికి అంటుకుని కూర్చుంటుంది. ఇక్కడి గాలి ఒంటిని తుడిచి పోతుంది. ఎర్ర నేల, బండరాళ్ల గుట్టలు, ఎక్కడా కాలువ అన్నది లేదు. అయినా కొయ్యలు పాతి, తాళ్లు కట్టి, టమాటా మొక్కల్ని వరసగా నిలబెట్టారు. బడిపిల్లల ప్రార్థనలా ఉంది చూడటానికి.

లాడ్జి మేనేజరు నా గుర్తింపు కార్డు చూశాడు. జుట్టు, మీసం, బంగారు రంగు ఫ్రేము కళ్లజోడు ఉన్న ఫొటో అది. తలెత్తి నన్ను చూశాడు. మళ్లీ ఫొటో చూశాడు.

"ఈయన యాడుండాడమ్మా?" అని శ్రావణిని అడిగాడు.

"ఈయనే అండీ ఆయన."

"అయ్యో పాపం. ఏమైంది?"

"జైలు" అన్నాడు కిరణ్. ఆ రోజుకి అదే అతని మొదటి మాట. నాకు తన బల్లకి ఎదురుగా, ఇరవైనాలుగు గంటలూ కనిపించే గది ఇచ్చాడు మేనేజరు.

పొద్దున్నే టమాటా మార్కెట్టులో మొదటి షాటు. మాకు వ్యాను నడపడానికి కుదిరిన మునెప్ప అప్పుడే పరిచయమయ్యాడు. బొద్దుగా, నవ్వు మొహంతో ఉంటాడు, ప్రతి విషయం మీదా ఒక అభిప్రాయం ఉంటుంది. కుప్పం దగ్గర తన అక్క ఇంటిని షూటింగుకి మాట్లాడి పెట్టింది కూడా అతనే. కథ విని వెంటనే అడ్డం తగిలాడు.

"ఆయమ్మ తలుపు యాల మూస్తాదమ్మా?"

"ఆవిడ బాధ అది మునెప్పా. మాటల్లో చెప్పలేని బాధ" అంది శ్రావణి.

"బాధుంటే తిడతాది, అరస్తాది, సెంబు ఎత్తి ఇసిరేస్తాది. తలుపు మూస్తే లోపల గాలాడద్దా?"

శ్రావణి వినిపించుకోకుండా పనులు పంచింది. ఆమె, కిరణ్ వ్యాను పైకెక్కి దూరం నుంచి తీస్తారట. జనానికి కెమెరా తెలియకూడదు. నేను మండీ మండీకీ తిరిగి పని అడగాలి, వ్యాను వైపు చూడకూడదు. కళ్లజోడు లేని నాకు వ్యానే కాదు, లారీ కూడా దగ్గరికొచ్చి హారను కొడితేనే తెలుస్తుంది.

ఎర్రగా కుప్పలు కనిపించిన వైపు నడిచాను. ఒకావిడ నేల మీద కూర్చుని కాయలు ఏరుతోంది. చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుంది.

"పని ఏమన్నా ఉందా అమ్మా?" అన్నాను. అది నా డైలాగు.

"యాడ నుంచి వస్తాండావప్పా?"

"జైలు నుంచి."

ఆవిడ ఉలిక్కిపడుతుందని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుందని స్క్రిప్టులో ఉంది. ఆవిడ నన్ను కింది నుంచి పైకి చూసి, "నడుము బాగుండాదా?" అంది.

"ఉందమ్మా."

"అయితే ఆ బాక్సులెత్తి లారీ కాడ పెట్టు."

కట్ వినపడేదాకా ఆగకూడదు కదా, ఎత్తాను. ఒకటి తర్వాత ఒకటి ఎత్తుతూనే ఉన్నాను. షాపులో స్టూలు మీద కూర్చుని మరలు బిగించే ఒళ్లు ఇది. మధ్యలో ఆవిడ నన్ను కాయలు ఏరడానికి కూర్చోబెట్టి, నేను కుళ్లినవి మంచివాటిలో వేస్తుంటే, "జైల్లో కండ్లు గుడక పోగొట్టుకున్నావా ఏంది?" అని మళ్లీ బాక్సులకే పంపింది. ఏం చేసి వెళ్లావని అడిగింది. గట్టు తగాదా అన్నాను.

"గెనిమి కాడ కొట్లాటనా? అది లేని ఇల్లు యాడుండాది? కోపం తగ్గించుకోవల్ల నాయనా" అని, టిఫిను క్యారియరు విప్పి నన్ను పక్కన కూర్చోమంది.

రాగి సంగటి, శెనక్కాయల ఊరిబిండి. మా వైపు పల్లీ పచ్చడి దోసెకి సరిపడా పల్చగా ఉంటుంది. ఊరిబిండి గట్టిగా, కారంగా, బెట్టుగా ఉంటుంది. సంగటి ముద్దని నేను బుద్ధిగా నములుతుంటే ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. "నమిలేది కాదప్పా, మింగేది." మింగాను. గొంతులో ఒక లిఫ్టు మెల్లగా కిందికి దిగినట్టయింది. రెండో ముద్దకి రుచి తెలిసింది, మూడోది నేనే అడిగి వేయించుకున్నాను.

అప్పుడొచ్చారు మా వాళ్లు, చెమటలు కక్కుకుంటూ. నేను బయలుదేరిన మొదటి నిమిషంలోనే కెమెరాకి అడ్డంగా లారీ వచ్చి ఆగిందట. ఒక్క షాటూ పడలేదు. అప్పటినుంచీ నా కోసం మార్కెట్టంతా వెతుకుతున్నారట.

"సినిమావాడివా నువ్వు?" అంది ఆవిడ. గొంతులో కోపం లేదు, నిరాశ ఉంది. "మా కొట్టంలో చోటిద్దామనుకుంటిని నీకు. పడుకునేకి యాడా లేదేమోనని."

శ్రావణి అదే దృశ్యాన్ని కెమెరా ముందు మళ్లీ చేయమని బతిమాలింది. ఆవిడ ఒప్పుకుని, ఎక్కణ్నించో పౌడరు తెప్పించి రాసుకుని, నన్ను చూసి చేతులు జోడించి, "దయచేయండి అయ్యగారూ, మీరు ఏ జైలు నుండి విచ్చేశారు?" అంది. ఎన్నిసార్లు చేసినా అంతే. వచ్చేటప్పుడు సంచినిండా టమాటాలు పోసింది. తణుకులో ఆ సంచి ధర చెబితే నమ్మలేదు. "కిలో అంతనా? మరి మాకెందుకియ్యరు?" అంది.

పుంగనూరు: మహాలక్ష్మి

సినిమాలో రెండో ఘట్టం ఆవుది. జైలుకెళ్లేటప్పుడు అమ్మేసిన తన ఆవు దారిలో ఎదురవుతుంది. నిలువెల్లా ఎముకలు తేలి ఉంటుంది. అతను దాని మెడ మీద తల ఆనించి, నిలబడి, మౌనంగా ఏడుస్తాడు.

మునెప్ప తీసుకెళ్లిన ఇంటి యజమాని పేరు చెంగలప్ప. ఆవు పేరు మహాలక్ష్మి. దాని ఎత్తు నా నడుము దాటలేదు.

"పుంగనూరు ఆవులు పొట్టివని నీకు తెలీదా?" అని శ్రావణిని పక్కకి పిలిచి అడిగాను.

"తెలుసు మావయ్యా. ఇంత పొట్టి అనుకోలేదు."

పైగా మహాలక్ష్మి గుండ్రంగా, నిగనిగలాడుతూ ఉంది. షూటింగని చెంగలప్ప దానికి పసుపు కుంకుమలు పెట్టి, మెడలో గంటలు కట్టి, వీపు మీద జరీ గుడ్డ కప్పాడు. ఆకలితో మాడిన ఆవని శ్రావణి చెప్పబోతే ఆయన మొహం మాడింది.

"మా బిడ్డకు తిండి లేదని సూపిస్తారా? రేపు దీన్ని సూసేకి వచ్చేవాళ్లు నన్నేమంటారు? ఇంగోటి, జైలుకు పోయినోడి ఆవు అంటే నేనొప్పుకోను. మంచి ఇంటి ఆవు అనండి."

అరగంట చర్చ తర్వాత ఒప్పందం కుదిరింది. ఆవు మంచి ఇంటిది, ఖైదీ దారిన పోతూ దాన్ని చూసి తన ఆవుని తలుచుకుంటాడు. జరీ గుడ్డ మాత్రం తీయడానికి వీల్లేదు.

నిలబడి మెడ మీద తల ఆనించాలంటే నేను రెండుగా మడతపడాలి. మోకాళ్ల మీద కూర్చున్నాను, అప్పుడు నా తల దాని తలకి సమంగా వచ్చింది. కళ్లు మూసుకుని, పోయిన మా నాన్నని తలుచుకుని, ఏడుపు తెచ్చుకుంటున్నాను. మహాలక్ష్మి నా గుండుని నాకడం మొదలుపెట్టింది. ఆవు నాలుక గరుకుగా ఉంటుందని చదువుకున్నాను గానీ, అంత గరుకని, అంత చక్కిలిగింతని ఎవరూ రాయలేదు. శ్రావణి "ఏడుపు మావయ్యా, ఏడుపు!" అని అరుస్తోంది. నేను కిందపడి నవ్వుతున్నాను. "ఉప్పు కోసరం నాకతాది. చెమట వాసనంటే దానికి ఇష్టం" అని చెంగలప్ప మురిసిపోతున్నాడు.

తర్వాత అది నా భుజం మీద తువ్వాలు అందుకుంది. సినిమా మొత్తం వాడాల్సిన తువ్వాలు అది, ఇంకోటి లేదు. నేనొక కొస పట్టుకున్నాను, అదొక కొస నములుతోంది. నేను లాగితే అది లాగింది. పొట్టిదే గానీ బలం మాత్రం పెద్దావుదే. వీధిలో జనం రెండు పక్షాలైపోయారు. చివరికి అరచెయ్యంత ముక్క నాకు మిగిలింది. దాన్ని పట్టుకుని నేను నేల మీద కూర్చుని మహాలక్ష్మి వైపు చూశాను, అది నా వైపు చూస్తూ నెమరేస్తోంది.

కిరణ్ కెమెరా ఆపలేదట. "ఇది ఉంచుకుంటున్నా. నేను రాసిన ఏడుపు కంటే ఇదే నయం" అంది శ్రావణి.

చెంగలప్ప మాకు చిన్న గ్లాసుల్లో మహాలక్ష్మి పాలు ఇచ్చాడు. వెన్న కరిగించి పోసినట్టున్నాయి. నేను బాగున్నాయన్నానే గానీ ఇంకో గ్లాసు అడగలేదు. ఆయన దాన్ని పిలిచే తీరు చూస్తే ఆడపిల్ల చేతి కష్టం తాగుతున్నట్టనిపించింది.

పలమనేరు దాటాక

కుప్పం దారిలో అడవి వస్తుంది. ఏనుగులు రోడ్డు దాటుతాయి జాగ్రత్త అని బోర్డులున్నాయి. ఒకచోట బండ్లు ఆగి ఉంటే మేమూ ఆగాం. కిరణ్ ఊపిరి బిగబట్టి కెమెరా పెట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి పొదల్లోంచి మేకల మంద వచ్చింది. వెనకాల కాపరి ఫోనులో ఎవరితోనో పెళ్లి భోజనాల గురించి మాట్లాడుకుంటూ దాటిపోయాడు.

అక్కడి టీకొట్టు దగ్గరే శ్రావణికి ఫోనొచ్చింది. భార్య వేషం వేయాల్సిన అమ్మాయి బెంగుళూరులో రైలెక్కి, నిద్రపోయి, కుప్పం దాటిపోయి జోలార్‌పేటలో లేచింది. అక్కడ తిరుగు రైలెక్కి, మళ్లీ నిద్రపోయి, కుప్పం మళ్లీ దాటి బంగారుపేటలో లేచింది. "అక్కా, ఇది దేవుడు వద్దంటున్నట్టుంది" అని ఇంటికి వెళ్లిపోయింది.

శ్రావణి మెట్టు మీద కూలబడింది. అద్దెకి తెచ్చిన కెమెరా మూడు రోజుల్లో హైదరాబాదులో ఉండాలి. ఆ తలుపు దృశ్యం లేకపోతే ఇన్నాళ్లు తీసిందంతా ఒక గుండాయన టమాటాలు మోయడం, ఆవుతో దెబ్బలాడటం మాత్రమే. ఆమె కళ్లలో నీళ్లు చూసి నాకు నిజంగా భయమేసింది. ఈ పిల్ల ఉద్యోగం మానేసి మరీ దీని వెంటపడింది.

మునెప్ప టీ గ్లాసు కింద పెట్టి, "మా యక్క ఉండాది కదమ్మా. తలుపు మూసేదే కదా పని? దినామూ మూస్తానే ఉంటాది" అన్నాడు.

కుప్పం: ఆ వాకిలి పొట్టిది

కుప్పంలో టిఫిను పెట్టే మనిషి మమ్మల్ని తమిళంలో ఏం కావాలని అడిగి, పక్క బల్లాయనకి కన్నడంలో జవాబిచ్చి, వంటింట్లోకి తెలుగులో కేకేశాడు. రెండు ఇడ్లీలు, వడ తెప్పించుకుంటే సాంబారు ఎన్నిసార్లు పోశాడో లెక్కలేదు. మా వైపు సాంబారు రెండోసారి అడిగితే మొహం చూస్తారు.

మునెప్ప అక్క పేరు లక్ష్మమ్మ. ఊరు కుప్పానికి దగ్గరే, రాతి కూసాలతో కంచె వేసిన చేల మధ్య. ఆవిడ పొడుగ్గా, గంభీరంగా ఉంటుంది. ఇల్లు పాతది, పెంకులు కప్పింది. వీధి తలుపు నా భుజం కంటే కాస్తే ఎత్తు. మేము ఇంటి ముందు ఊడ్చి ముగ్గేసే చోటుని వాకిలి అంటాం, వీళ్లు ద్వారాన్నే వాకిలి అంటారు. ఈ తేడా తెలియక "వాకిట్లో నిలబడు" అంటే నేను వెళ్లి ముగ్గు తొక్కి తిట్లు తిన్నాను.

దృశ్యం చెబితే లక్ష్మమ్మ శ్రద్ధగా విని, సరే అంది. మొదటి టేకు. తలుపు కొట్టాను. తీసింది. నన్ను చూసింది.

"వచ్చినావా? కాళ్లు కడుక్కో" అంది.

శ్రావణి వివరించింది. ఏమీ అనకూడదు, చూడాలి, వేసెయ్యాలి. రెండో టేకులో ఆవిడ తలుపు సగం వేసి, మళ్లీ తీసి, "నీళ్లన్నా తాగినాక మూస్తే కాదామ్మా?" అని శ్రావణినే అడిగింది. మూడోసారి పూర్తిగా వేసింది. మేమంతా ఊపిరి పీల్చుకునేలోపు లోపలి నుంచి గొంతు వినపడింది. "ఆ తిన్నె మీద కూర్చో అప్పా, ఎండ తగల్తాది." తిన్నె అంటే అరుగు.

మధ్యాహ్నానికి ఊరంతా చేరింది. భోజనానికి ఆపినప్పుడు, తలకి తువ్వాలు చుట్టుకున్న ఒక బక్కపల్చని మనిషి వచ్చి తిన్నె చివర కూర్చున్నాడు. లక్ష్మమ్మ పళ్లెం తెచ్చి అతని పక్కన పెట్టి, మాట్లాడకుండా లోపలికెళ్లింది. తిన్నాడు. పళ్లెం తనే కడిగి, బోర్లించి, జనంలోకి వెళ్లిపోయాడు. పొలం పనికొచ్చిన మనిషి కాబోలనుకున్నాను.

"మా బావ సార్ ఆయన" అన్నాడు మునెప్ప, నన్ను వ్యాను వెనక్కి తీసుకెళ్లి. "గోవిందప్ప. లక్ష్మక్క మొగుడు."

గోవిందప్ప పాలవ్యాను నడిపేవాడట. ఎవరో ఎక్కువ బాడుగ ఆశ చూపిస్తే, క్యాన్ల వెనకాల ఎర్రచందనం దుంగలు వేసుకుని పోతూ పట్టుబడ్డాడు. శిక్ష పడింది. బయటికొచ్చేసరికి కూతురికి సంబంధం చూస్తున్నారు. తను ఇంట్లో కనపడితే పిల్ల పెళ్లికి అడ్డమవుతానని, మామిడితోపులో మోటరు రూములో ఉంటానన్నాడు. పెళ్లయింది. పిల్ల క్రిష్ణగిరిలో సుఖంగా ఉంది. తర్వాత రెండు మామిడి కాపులు అయిపోయాయి, ఈయన మాత్రం మోటరు రూములోనే ఉన్నాడు.

"ఈయన రానా అని అడగడు. ఆయమ్మ రా అని పిలవదు. ఎవురు ముందు నోరు తెరస్తారని ఇద్దురూ సూస్తాండారు. నేను జెప్తే, నీకేం తెలుసురా అంటారు." మునెప్ప వ్యాను అద్దం తుడుస్తూ అన్నాడు. "అందుకే సార్, ఆ పాప వచ్చి, పెండ్లాము తలుపు మూస్తాదని కథ జెప్తే నాకు ఒళ్లు మండింది."

నేను ఈ సంగతి శ్రావణికి చెప్పాను. ఆమె స్క్రిప్టు కాగితాలు మడిచి కిరణ్ సంచిలో కుక్కింది. "సరే. తలుపు వేయొద్దు. తీయనీ. నువ్వు లోపలికెళ్లు మావయ్యా. అంతే సినిమా" అంది.

లక్ష్మమ్మ మొహం విప్పారింది. "అట్ల జెప్పు! ఇది నాకు వస్తాది."

వచ్చింది కూడా. తలుపు తీసింది, పక్కకి జరిగింది, నోరెత్తలేదు. నేను కళ్లజోడు లేని మనిషిని, చీకటిగా కనిపించిన చోటికి ధీమాగా అడుగేశాను. గుమ్మం పైకమ్మి నా నుదుటికి తగిలి ఠంగుమంది. రెండోసారి తల వంచాను, తొందరపడి ఎత్తేశాను. గుండు పైన తగిలింది. మూడోసారి మరీ జాగ్రత్తగా వంగితే గడప తన్నుకుని పక్కకి పడి, మోచెయ్యి గీరుకుంది. జనం సినిమా టికెట్టు కొనుక్కున్నవాళ్లలా ఆనందిస్తున్నారు. ఎవరో పసుపు తెచ్చి నా నుదుటికి పులిమారు.

నాలుగోసారి తగలగానే జనంలోంచి ఒక గొంతు విసుగ్గా అరిచింది.

"తల వంచల్లప్పా! ఆ వాకిలి పొట్టిది!"

గోవిందప్ప. ముందుకి తోసుకొచ్చాడు.

"కనపడటం లేదండీ" అన్నాను తల పట్టుకుని.

"కనపడేదేముండాది? కండ్లు మూసుకోని పోవచ్చు. ముందు మోకాళ్లు వంచు, ఆనక తల. ఎడమ చెయ్యి ఆ రాటకు ఆనించు. లోపల రెండో అడుగు దాకా తల ఎత్తొద్దు. సూడు, ఇట్ల."

మోకాళ్లు వంచాడు, తల వంచాడు, చెయ్యి ఆనించాడు. లోపలికి వెళ్లిపోయాడు.

అంతవరకూ గోలగా ఉన్న జనం ఒక్కసారిగా నోళ్లు మూసుకున్నారు. మునెప్ప చేతిలో గుడ్డ కిందపడింది. ఆయన ఇప్పుడు తిరిగొచ్చి, "అర్థమైందా?" అని నన్నడగాలి. రాలేదు. తను ఎక్కడున్నాడో లోపలికెళ్లాక తెలిసి ఉంటుంది. శ్రావణి చెయ్యెత్తి కిరణ్‌కి సైగ చేసింది. కిరణ్ కెమెరా దించి, లెన్సు మూత పెట్టేశాడు.

లోపలి నుంచి లక్ష్మమ్మ గొంతు వినపడింది.

"చెప్పులు?"

ఏదో గొణుగుడు.

"అలికిన ఇంట్లోకి చెప్పులేసుకోని వస్తావా? జైల్లో ఇదే నేర్పించినారా నీకు?"

ఒక చెప్పు గుమ్మంలోంచి ఎగిరొచ్చి నా కాళ్ల దగ్గర పడింది. దాని వెనకే రెండోది వచ్చి కిరణ్ మోకాలికి తగిలింది. జనం ఘొల్లుమన్నారు. నవ్వుతూనే పక్కింటి ముసలావిడ కళ్లు తుడుచుకుంది. మునెప్ప మాకు వీపు తిప్పి, తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడుస్తున్నాడు.

లక్ష్మమ్మ గుమ్మంలోకి వచ్చింది. మా అందరినీ ఒకసారి చూసింది.

"ఈ పొద్దుకు సాలమ్మా సినిమా. ఇంట్లో మనిషి ఉండాడు" అంది.

తలుపు వేసేసింది. పొద్దుటినుంచీ రానిది ఎంత చక్కగా, ఎంత గట్టిగా వేసిందో చెప్పలేను.

మర్నాడు

పొద్దున్నే వెళ్లాం. హడావిడిలో లైటు కేబులు ఆ ఇంట్లోనే ఉండిపోయింది. తలుపు ఓరగా ఉంది. తొంగిచూస్తే గోవిందప్ప నట్టింట్లో చాప మీద వెల్లకిలా పడుకుని గురకపెడుతున్నాడు. మా కేబులు ఆయన వీపు కింద నుంచి పోయింది.

లక్ష్మమ్మ మూతి మీద వేలు పెట్టుకుని బయటికొచ్చింది. "లేపొద్దండి. ఆ మోటరు రూములో దోమలు పీక్కతింటాండెనంట. రేత్రంతా దోమల కథే జెప్పినాడు" అని గుసగుసలాడింది. ఆవిడ కళ్లు వాచి ఉన్నాయి గానీ మనిషి మాత్రం ముందురోజు కంటే వయసు తగ్గినట్టుంది. చేతిలో ఓళిగల పళ్లెం. బెల్లం, కందిపప్పు పూర్ణం పెట్టి, పల్చగా ఒత్తి, నెయ్యి కార్చింది. మేము వాటిని బొబ్బట్లంటాం, మావి ఇంత మెత్తగా ఉండవని తణుకులో ఒప్పుకోను గానీ ఇక్కడ ఒప్పుకుంటున్నాను. కిరణ్ నాలుగు తిని, "ఇంకో రెండు?" అన్నాడు.

శ్రావణి భయపడుతూనే అడిగింది. "అమ్మా, లోపలికి రాం. మీ తలుపు ఒక్కటీ బయటినుంచి తీసుకోనా? మూసి ఉన్నది చాలు."

"వాకిలే కదా, తీసుకో. మనిషిని మాత్రం వద్దు."

కిరణ్ కెమెరా పెట్టాడు. నేను అలవాటుగా వెళ్లి గుమ్మం ముందు నిలబడి, మొహంలోకి దుఃఖం తెచ్చుకున్నాను.

"మావయ్యా, కాస్త పక్కకి జరుగు. ఫ్రేములోకి వస్తున్నావు" అంది శ్రావణి.

జరిగాను. బాక్సులు మోసి, ఆవుతో నాకించుకుని, నుదురు బొప్పి కట్టించుకున్న నేను, సినిమా చివరి షాటులో లేను. మూసిన తలుపు ఒక్కటే ఉంది. లోపల చెంబు పడిన చప్పుడు, పొయ్యి ఊదిన చప్పుడు, గుసగుసగా మొదలై మామూలు గొంతులోకి వచ్చేసిన లక్ష్మమ్మ తిట్లు. "పొద్దు నెత్తి మీదికొచ్చె, ఇంగా పడుకోనుండావా? నీళ్లు కాగి చల్లారిపోయె." శ్రావణి ఊపిరి కూడా పీల్చకుండా వింటోంది.

అంతలో తలుపు తెరుచుకుంది. గోవిందప్ప తల వంచి బయటికొచ్చి, ఒళ్లు విరుచుకుని, జుట్టు రేగిన తలతో మమ్మల్ని, కెమెరాని, వ్యానుని చూశాడు. కిరణ్ అప్పటికే మూత పెట్టేశాడు.

"ఏందప్పా, ఇంగా పోలేదా మీరు?" అన్నాడు ఆవులిస్తూ. "ఎంతసేపు నిలబడతారు మా ఇంటి ముందర?"